ఇంట్లో ఇంత ముక్క లేదు

ఏప్రిల్ 26, శుక్రవారం, 2024

తెల్లారకుండానే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో దిగాడు మనవడు. మా ఆవిడ గుమ్మంలోనే ఆపి ఎర్రనీళ్ళు తిప్పింది. పసుపు, సున్నం.

ఆ ఎరుపు చూస్తే నాకింకా చెయ్యి ఊరుకోదు. ఓ నిమ్మచెక్క పిండితే చాలు, పసుపుపచ్చకి తిరిగిపోతుంది. ముప్ఫయ్యేళ్ళు ల్యాబులో చూసింది అదే. వంకాయ ఎరుపులోంచి నిమ్మపండు పసుపులోకి, ఒక్క చుక్కకి. ఆ చుక్క పడేముందు ఊపిరి బిగబట్టేవాణ్ణి.

పిండలేదు. దిష్టినీళ్ళతో ఆటలేటండీ అంటుంది.

ఏప్రిల్ 29, సోమవారం

మూడు రోజులుగా ఫోను పట్టుకుని ఊర్వశి జంక్షన్ నుంచి ఐటీఐ దాకా తిరుగుతున్నాడు. ఎండలో. "తాతయ్యా, మీ కంచరపాలెంలో ఒక్కటీ లేదు."

ఏంట్రా లేనిది?

జియోక్యాష్.

వంటింట్లోంచి ఆవిడ: "క్యాషా? ఎంతిస్తారేటి?"

డబ్బు కాదట. ఎవరో ఒక పెట్టె దాస్తారట. అక్షాంశం, రేఖాంశం ఇస్తారు. మిగతావాళ్ళు ఫోను చూసుకుంటూ వచ్చి వెతుక్కోవాలి. లోపల చిన్న పుస్తకం ఉంటుంది, పేరు రాసి, మళ్ళీ అక్కడే పెట్టెయ్యాలి. లోపలున్నది తీసుకోవచ్చు. తీసుకుంటే బదులు ఇంకేదన్నా పెట్టాలి.

మరి గెలిచేదెవరు? అన్నాను.

ఎవరూ గెలవరట.

మే 2, గురువారం

ఆట పుట్టుక చదివి వినిపించాడు. ఉపగ్రహాల లెక్కని అమెరికావాళ్ళు కావాలని కొంచెం మసక చేసి వదిలేవారు. 2000 మే 2న ఆ మసక తీసేశారు. మర్నాడే ఆరిగన్ అడవిలో డేవ్ ఉల్మర్ అనే ఆయన ఓ నల్ల బకెట్టు దాచి, అంకెలు నలుగురికీ చెప్పాడు. అందులో పుస్తకాలు, ఒక క్యాటపుల్టు, ఒక చిక్కుడు గింజల డబ్బా. మూడు రోజుల్లో రెండుసార్లు దొరికేసింది.

రేపటికి ఇరవై నాలుగేళ్ళు. 2000 మేలో నేనేం చేస్తున్నాను? బి షిఫ్టు అయుంటుంది. ఒక్క రోజూ విడిగా గుర్తులేదు.

మే 3, శుక్రవారం

విదేశాల్లో మూలకానికో పెట్టె పెడతారట. ఆ మూలకం దేనికి పనికొస్తుందో ప్రశ్నలు, జవాబుల్లో అంకెలు, అంకెల్లో చోటు. "నువ్వు కెమిస్ట్రీ కదా తాతయ్యా, మనం పెడదాం."

కెమిస్ట్రీ కాదురా. నేను జింకు.

నవ్వాడు. నేనేమో నిజమే చెప్పాను. 1977లో మింది దగ్గర హిందుస్థాన్ జింక్ మొదలైంది. 78లో చేరాను, 2008లో బయటికొచ్చాను. 2012లో స్మెల్టరు ఆపేశారు. ఈ మధ్యలో నేను కొలిచింది ఒక్కటే. ద్రావణంలో జింకెంత. కాల్చిన ఖనిజంలో ఎంత. కాలవలో పోయే నీళ్ళలో ఎంత.

30వ మూలకం. ముప్ఫయ్యేళ్ళు. ఇన్నాళ్ళూ ఈ పొంతన తట్టనేలేదు. వాడికి చెప్పలేదు. చెబితే ఏదో అర్థం వెతుకుతాడు.

మే 5, ఆదివారం

పెట్టెలో ఒక జింకు ముక్క పెడదామన్నాను. బీరువా, అటక, సజ్జ, మంచం కింద ట్రంకు, అన్నీ వెతికాం.

లేదు.

ఇంట్లో ఇంత ముక్క లేదు. గేటు దగ్గర తనిఖీ ఉండేది, నిజమే. కానీ అడిగితే ఇచ్చేవాళ్ళు. ఎప్పుడూ అడగలేదు. రోజూ కళ్ళముందే ఉంటుంది కదా అనుకున్నానేమో.

"బంగారం కొట్లో పనిచేసినోడు పిసరైనా తెచ్చుకుంటాడు" అంది ఆవిడ. అంత మాట అనాలా?

మే 6, సోమవారం

టార్చిలైటులో సెల్ చచ్చిపోయి ఉంది. లావుది. ఆక్సా బ్లేడుతో కోశాను. నల్ల పొడి గచ్చంతా. వాడి చేతులు, నా లుంగీ. నడుమ బొగ్గు కడ్డీ. చుట్టూ ఉన్న డబ్బా కడిగి చేతిలో పెట్టాను. ఇదే.

అరిటాకంత పలచన. రెండు చోట్ల చిల్లులు. వెలిగినంతసేపూ జింకు కరుగుతుంది, అదే కరెంటు. ఈ సెల్ తన డబ్బాని తానే తినేసింది.

"అయితే ఇది సగమే ఉంది" అన్నాడు.

సగమే ఉంది.

ఇది కాదు నాకు కావలసింది. గట్టి ముక్క కావాలి. చేత్తో పట్టుకుంటే చల్లగా, బరువుగా.

గచ్చు కడగడానికి రెండు బకెట్లు. ఆవిడ రాత్రిదాకా మాట్లాడలేదు.

మే 8, బుధవారం

అంకెల పని. జింకు కరిగేది 419 డిగ్రీల దగ్గర. మరిగేది 907. అక్షాంశం, రేఖాంశాల్లో ఒక దానికి 419, ఇంకో దానికి 907, చివరి మూడంకెలు. డిగ్రీలు, నిమిషాలు మన పేటవే.

ఫోనులో వేసి చూస్తే ఎవరిదో డాబా మీద, నీళ్ళ ట్యాంకు పక్కన పడింది.

వాడు నీరుగారిపోయాడు. అప్పుడు తట్టింది, రెండింట్లోంచి 30 తీసెయ్యి అన్నాను. అంకెకి ఒకటీ ముప్పావు, రెండు మీటర్ల మధ్య. రమారమి యాభై మీటర్లు దక్షిణానికి, యాభై పడమటికి. కంచరపాలెం మెట్టు పక్కసందులో రాతిగోడ మీద పడింది. గోడలో ఓ రాయి ఎప్పుడో ఊడిపోయింది. గూడులా ఉంటుంది.

ఇద్దరం నడిచి వెళ్ళి చూసొచ్చాం. ఆ గూట్లో ఎవరో కాల్చి పడేసిన బీడీలు.

బాగుంది. చాలా బాగుంది.

మే 10, శుక్రవారం

చందనోత్సవం. ఆవిడ, పక్కింటావిడా రాత్రి రెండింటికే సింహాచలం. స్వామి నిజరూపం ఈ ఒక్కరోజే కదా. మిగతా రోజులన్నీ చందనం కిందే.

మేం ఇంట్లో. నేనో తప్పు చేశాను. దేవుడి గూట్లో లక్ష్మీదేవి పటం దగ్గర అమెరికా పెన్నీ ఒకటుంది, ఆవిడ తమ్ముడి కొడుకు ఇచ్చింది. రాగి నాణెమని పూజలో పెట్టింది. 1982 తరవాత వాళ్ళ పెన్నీ రాగిది కాదు. నూటికి తొంభై ఏడున్నర జింకు. పైన రాగి పూత మాత్రమే. అంచున ఆకురాయితో గీసి, బాత్రూం యాసిడ్‌లో వేశాం. సన్నటి బుడగలు, సాయంత్రందాకా. చివరికి రాగి పొర ఒక్కటే తేలింది. బొరుగులా. లోపల శూన్యం.

వాడి కళ్ళు!

ఆవిడొచ్చింది. గూడు చూసింది. "అక్షయ తదియనాడు అందరూ కొనుక్కుంటారు. మీరు ఉన్నది కరిగించీసారు."

జవాబేం చెప్పను.

మే 11, శనివారం

ఆవిడ కోపం తీరింది. వాడు ఇత్తడి బిందె తోముతుంటే తనే చెప్పింది, "అది బుడితిది. మా నాయన సారెలో పెట్టాడు." బుడితి వాళ్ళ ఊరికి దగ్గరే, సారవకోట వైపు. ఆ ఇత్తడికి ఇప్పుడు జీఐ గుర్తింపు కూడా ఉంది.

ఇత్తడంటే రాగి, జింకు. మూడో వంతు అటూ ఇటూగా జింకే. అంటే ఈ బిందెలో కిలో పైన ఉంటుంది. నలభై తొమ్మిదేళ్ళుగా. నేను ఉద్యోగంలో చేరకముందే ఇంట్లో ఉంది.

కంచరపాలెం అంటే కంచరివాళ్ళ పాలెం అంటారు. నేనొచ్చాక ఒక్క కొలిమి చూడలేదు. మా పేట మీద సినిమా వచ్చాక మాత్రం కుర్రాళ్ళు వచ్చి సందుల్లో ఫొటోలు తీసుకుంటున్నారు. కంచరి ఎవరు అని ఒక్కడూ అడగడు. నన్ను అడిగితే నాకూ తెలీదు.

రాగి పేరుంది, ఇత్తడి పేరుంది, కంచు పేరుంది. జింకు పేరు మీద పాలెం ఎక్కడుంది?

మే 13, సోమవారం

ఓటు. గంటన్నర వరస. ఎడమ చూపుడువేలి మీద సిరా. ఇది సిల్వర్ నైట్రేటురా, వెండి, అని చూపించాను.

"అయితే వెండి పెట్టె పెడదాం."

వెండి పెట్టి కంచరపాలెంలో వదుల్తావా?

మే 14, మంగళవారం

ఆట నియమాలు వాడు చదువుతున్నాడు, నేను వింటున్నాను. రైలు పట్టాల పక్కన వద్దు. నేవీ గోడల దగ్గర వద్దు. బాంబు అనిపించేలా వద్దు. ఎన్నికల పోలీసులు ఇంకా రోడ్ల మీదే ఉన్నారు. గోడ పక్కింటివాళ్ళని అడగాలి. అడిగాం. "బొమ్మల పెట్టేనా? పెట్టుకోండి."

ఇంకోటి. సెలవులకొచ్చినవాళ్ళు పెట్టకూడదట. పెట్టె బాగోగులు చూసే మనిషి ఊళ్ళోనే ఉండాలి.

"అంటే నువ్వే ఓనరు తాతయ్యా."

పేరు పెట్టమంది ఫోను. 'తుత్తునాగం' అన్నాను. జింకుకి మన పాత పేరు. వెనకటి ఓడల సరుకు లెక్కల్లో తెల్లవాళ్ళు టుటెనాగ్ అని రాసింది దీన్నే. వాడు నాలుగుసార్లు పలికాడు. నాలుగోసారికి వచ్చింది.

మే 15, బుధవారం

గాజువాకకి ఫోను. మా షిఫ్టు ఇన్‌ఛార్జి. పదేళ్ళయిందేమో మాట్లాడి. ఆయన దగ్గర ఒక ముక్క ఉందని గుర్తు. ఉందట. అరచెయ్యంత. తలుపు కొట్టుకోకుండా అడ్డం పెడతాడట.

ఓ నెల్రోజులు ఇస్తారా అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. తరవాత సెల్ హౌస్ గురించి మాట్లాడాడు. అల్యూమినియం రేకుల మీంచి జింకు పొర ఊడదీసేటప్పటి చప్పుడు. ఒకసారి ద్రావణంలో యాంటిమొనీ రవ్వంత ఎక్కువై పేరుకున్న జింకంతా తిరిగి కరిగిపోయిన రాత్రి. లీటరులో మిల్లీగ్రాములో పదోవంతు కూడా ఉండదు, అంతకే. "రాత్రి మూడింటికి నిన్ను లేపించాను, గుర్తుందా?" గుర్తుంది. బ్యూరెట్టు పట్టుకున్న చెయ్యి వణికింది, నిద్రమత్తో భయమో.

నలభై నిమిషాలు.

ముక్క మాత్రం ఇవ్వనన్నాడు.

నేనైనా ఇవ్వనేమో.

మే 17, శుక్రవారం

ఫిషింగ్ హార్బరు. వేట నిషేధం కదా, ఏప్రిల్ 15 నుంచి అరవై ఒక్క రోజులు. బోట్లన్నీ ఒడ్డునే. రంగులు, తారు, సుత్తి దెబ్బలు. పోయిన నవంబరులో కాలిన బోట్లు గుర్తొచ్చి ఓ క్షణం ఆగాను. వాడికి చెప్పలేదు.

ఒక బోటు కింద కూచుని చుక్కాని దగ్గర బోల్టులు ఊడదీస్తున్నాడు ఒకతను. ఊడింది కింద పడింది. చప్పుడులోనే తెలిసిపోయింది నాకు. ఇనుము మోగినట్టు మోగదు. మొద్దుగా పడుతుంది.

పాత జింకు దిమ్మ. గుంటలు గుంటలుగా తినేసి, తెల్లగా బూజు పట్టి.

"ఇది పెట్టకపోతే సముద్రం ఫ్యాన్‌ని తినీస్తాది బాబూ. ఇది ఉంటే ముందు దీన్నే తింటాది" అన్నాడు. ముప్ఫయ్యేళ్ళలో నేను ఎవరికీ ఇంత తేలిగ్గా చెప్పలేదు. ఉప్పునీళ్ళలో రెండు లోహాలు తగిలి ఉంటే, తొందరగా ఎలక్ట్రాన్లు వదిలేది ముందు కరుగుతుంది. కంచు ఫ్యానుకంటే, ఇనప ఇరుసుకంటే జింకుకి తొందరెక్కువ. అంతే.

వాడు, "అంటే త్యాగం లాంటిదా తాతయ్యా?" అన్నాడు. ఇంగ్లీషు పుస్తకాల్లో అలాగే రాస్తారు. త్యాగమూ లేదు, గీగమూ లేదు. జింకు జింకే అన్నాను. కొంచెం విసుక్కున్నట్టున్నాను.

పాతదానికి డబ్బులొద్దన్నాడు అతను. టీలు తాగాం, ముగ్గురం. జేబులో బరువుకి ప్యాంటు ఓ పక్కకి జారుతూనే ఉంది ఇంటిదాకా.

మే 18, శనివారం

జింకేనా? అల్యూమినియం దిమ్మలు కూడా వాడుతున్నారిప్పుడు. తేల్చాలి.

కూరగాయల కాటాలో 412 గ్రాములు. చెంబు అంచుదాకా నీళ్ళు, కింద పళ్ళెం. దారం కట్టి ముంచాం. పొర్లిన నీళ్ళు పక్కింటి పాపాయి పాలసీసాలో పోసి కొలిచాం. 58.

412ని 58తో భాగించు. వాడు కాగితం మీద చేశాడు, ఫోను ముట్టుకోలేదు. 7.1.

అల్యూమినియమైతే మూడు కూడా రాదు. నా లెక్కలో జింకు 7.14.

బల్లకి చేతులానించి నిలబడ్డాను కాసేపు. ఆవిడ చూసి, "బీపీ మాత్ర వేసుకున్నారా?" అంది.

మే 19, ఆదివారం

పాలసీసా తిరిగిస్తే తెలిసింది. పాపాయికి రాత్రినుంచి విరేచనాలు. ఆశా కార్యకర్త వచ్చి ఓఆర్ఎస్ పొట్లాలు, చిన్న మాత్రలు ఇచ్చింది. రోజుకొకటి, చెంచాడు నీళ్ళలో కరిగించి. తగ్గినా సరే పధ్నాలుగు రోజులూ ఆపొద్దని రెండుసార్లు చెప్పింది.

అట్ట తిప్పి చదివాను. జింక్ సల్ఫేట్. 20 మిల్లీగ్రాములు.

వాళ్ళమ్మ నన్ను వింతగా చూసింది. మందు అట్ట చదివి నవ్వే ముసలాడు.

మా బావమరిది పొలంలో వరి ఆకు మీద తుప్పు మచ్చలొస్తే చల్లేదీ ఇదే. పాలతుత్తం. ల్యాబులో మేం ఇదే లీటర్లకి లీటర్లు పారబోసేవాళ్ళం. పాపాయికి 20 మిల్లీగ్రాములు.

మే 22, బుధవారం

రాత్రి కరెంటు పోయింది. డాబా మీద పడకలు. గూడ్సు బళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. కథ చెప్పమన్నాడు. కథలేం వచ్చు నాకు? జావర్ చెప్పాను.

ఒకసారి ఉదయపూర్ పంపితే తీసుకెళ్ళి చూపించారు. వందల ఏళ్ళ కిందటే అక్కడ జింకు తీశారు. చిక్కేమిటంటే, ఖనిజంలోంచి జింకు విడిపోవాలంటే వెయ్యి డిగ్రీల వేడి కావాలి. 907కే అది ఆవిరి. ఆ ఆవిరి గాలి తగిలిందా, తెల్లబూడిద. అందుకే లోకానికంతటికీ దొరకలేదు. వీళ్ళు వంకాయ ఆకారంలో మట్టి మూసలు చేసి, గొట్టం బిగించి, తలకిందులుగా నిలబెట్టారు. పైన మంట. ఆవిరి కిందికి దిగి, చల్లారి, కింది పాత్రలో బొట్లు బొట్లుగా. రసరత్నసముచ్చయంలో రాసుంది ఈ పద్ధతి. బ్రిస్టల్‌లో ఛాంపియన్ అనే ఆయన పేటెంటు తీసుకుంది 1738లో.

అదంతా సరే. నాకు గుర్తున్నది వేరు. వాడేసిన మూసలు గుట్టలు గుట్టలు పడి ఉన్నాయి. వాటినే ఇటుకల్లా పేర్చి ఇళ్ళకి గోడలు కట్టుకున్నారు. గోడ నిండా గుండ్రటి మూతులు. ఒక దాంట్లో పిట్ట గూడు.

"పిట్ట ఏ రంగు?" అన్నాడు.

ఎంత ఆలోచించినా తేలలేదు. వాడు నిద్రపోయాక కూడా ఆలోచించాను.

మే 25, శనివారం

పెట్టె. ప్లాస్టిక్ డబ్బా చాలన్నాడు, వాన తగలదని. నేను ఒప్పుకోలేదు. ఇండస్ట్రియల్ ఎస్టేట్ దగ్గర రేకు పనివాడి చేత చిన్న ట్రంకు చేయించాను. జానెడు. గొళ్ళెంతో సహా. నూట ఎనభై.

జీఐ రేకు. ఇనుమే, కరిగిన జింకులో ముంచి తీస్తారు. వెనకటి రేకుల మీద పెద్ద పెద్ద పువ్వులుండేవి, మంచు గడ్డకట్టినట్టు. తొట్టిలో సీసం కలిసేది కాబట్టి. ఇప్పుడు సీసం తగ్గించేశారు, పువ్వులూ పోయాయి. మంచిదే. అయినా ఆ పువ్వులు బాగుండేవి.

"పెట్టె కూడా జింకే అన్నమాట" అన్నాడు.

పైపైన.

మే 28, మంగళవారం

పెట్టేశాం. పొద్దున్నే, ఎవరూ లేవకముందు.

లోపల: హార్బరు ముక్క. రాగి పొర. సెల్ డబ్బా. ఓ నోటుపుస్తకం, పెన్సిలు. మొదటి పేజీలో నా చేత్తో, 'ఇది ఆట. ఏదైనా తీసుకో, ఏదైనా పెట్టు. పేరు రాయి.' వాడు కింద ఇంగ్లీషులో అదే.

మూసేముందు ముక్కని ఇంకోసారి చేతిలోకి తీసుకున్నాను. పట్టుమని పదకొండు రోజులు ఉంది ఇంట్లో. పెట్టాలా? వేరే ఏదన్నా పెడదామా? వాడు చూస్తున్నాడు.

పెట్టాను.

జూన్ 4, మంగళవారం

లెక్కింపు. పొద్దుటి నుంచి టపాసులు. ఆట వాళ్ళు మన పెట్టెకి ఒప్పుకున్నారట, ఫోనుకొచ్చింది. పటంలో కంచరపాలెం మీద ఒక ప్రశ్నార్థకం.

వీధంతా ఒకందుకు గంతులేస్తోంది. మేమిద్దరం ఇంకొకందుకు.

జూన్ 9, ఆదివారం

వెళ్ళిపోయాడు. అయిదున్నర లోపే బండి. ఆవిడ ఎర్రనీళ్ళు తిప్పింది. ఈసారి ఆవిడ వీధిలో పారబోయబోతుంటే ఆపి, నిమ్మచెక్క పిండాడు వాడు. ఎప్పుడు చెప్పాను? చెప్పినట్టు గుర్తులేదు.

పసుపు.

ఆవిడ ఏమీ అనలేదు. పళ్ళెంలోకి చూస్తూ ఉండిపోయింది.

జూన్ 11, మంగళవారం

గూడు దాకా నడిచొచ్చాను. ఊరికే. చెయ్యి పెట్టి చూడలేదు, దారిన మనుషులున్నారు.

జూన్ 15, శనివారం

అర్ధరాత్రితో నిషేధం అయిపోయింది. బోట్లు వెళ్ళుంటాయి. అడుగున కొత్త జింకులతో.

మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి ఫోను. "తాతయ్యా, ఎవరో వచ్చారు. దొరకలేదని రాశారు. అరగంట వెతికారట." ఎవరో తెలీదు. ఇంగ్లీషులో రాశాడట. నౌకలో పనిచేసేవాడేమో అని వాడి ఊహ.

చెప్పులు వేసుకుని పరిగెత్తినంత పని చేశాను. గూడు ఖాళీ. బీడీలు కూడా లేవు.

ఎండలో అరగంట వెతికాడు, ఎవడో పాపం. మా సందులో.

జూన్ 16, ఆదివారం

వాళ్ళ భాషలో ఆట తెలీనివాళ్ళు మగుల్స్. పెట్టె మగుల్స్ పాలైందంటాడు. ప్లాస్టిక్ డబ్బా పెట్టమన్నాను కదా అనలేదు. అనొచ్చు. అనలేదు.

ఎక్కడుంటుందో నాకు తెలుసు. కంచరపాలెంలో లోహం ఎక్కడికి పోతుంది?

జూన్ 18, మంగళవారం

పాత ఇనప సామాన్ల కొట్టు. మూడోది. కాటా పక్కనే కనబడింది, మూత తెరిచి ఉంది. లోపల చిల్లర.

"మీదా సారూ? గుంటడెవడో తెచ్చాడు, నలభై ఇచ్చాను. పెట్టె బాగుందనీసి నేనే ఉంచీసుకున్నాను."

లోపల ఓ ముక్క ఉండాలి. బరువుగా.

"ఆ సిలవరు ముక్కా? సిలవర్లో కలిపీసాను. లోడు నిన్ననే ఎల్లిపోనాది."

సిలవరు అంత బరువుంటుందా బాబూ?

"బరువుంటే మనకి మంచిదే కదా సారూ."

నవ్వాను. నవ్వు ఆగలేదు. అతనూ నవ్వాడు, ఎందుకో తెలీకుండానే. బల్ల లాగి కూచోమన్నాడు. టీ తెప్పించాడు.

పెట్టె తీసుకెళ్ళిపోండి, నలభై ఇచ్చీండి చాలు అన్నాడు. ఆలోచించాను. ఎవరైనా వెతుక్కుంటూ వస్తే ఇస్తావా, పేరు రాసుకుని మళ్ళీ తీసుకుంటావా అన్నాను. ఏటి రాయాలి అన్నాడు. పుస్తకం ఉండాలి కదా.

ఉంది. చిల్లర కిందే. మొదటి పేజీలో నా రాత, వాడి రాత. దాని కిందనుంచి అతని లెక్కలు. ఇనుము 14 కిలోలు. రాగి 2. ఇత్తడి బిందె ఒకటి. సిలవరు, సిలవరు, సిలవరు. వైరు. మళ్ళీ ఇనుము.

పెన్సిలు కూడా మాదే, చెవి మీద పెట్టుకున్నాడు. అడిగి తీసుకుని, చివరి గీత కింద 'తుత్తునాగం 412 గ్రాములు' అని రాశాను.

తొంగిచూశాడు. "రేటెంత సారూ?"